డ్రాకులా: పుటలలో, రంగముపై, తెరపై

మహాశివరాత్రి నాడు మేళ్లచెరువులో జాగరణ చేయుటకు ఎవరికిని ప్రయాస ఉండదు. స్వయంభూ శంభులింగేశ్వరస్వామి ఆలయము వద్ద ప్రభలు వెలుగుచుండును. ఎడ్ల పందెములు చూడవచ్చిన రైతులతో ఊరి బయట నేల కనబడదు. తెల్లవారు వరకు ఎక్కడనో ఒకచోట ఆటయో పాటయో సాగుచునే యుండును. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, అటుపిమ్మట సూర్యాపేట జిల్లాలో చేరిన ఈ ఊరి జాతరలోనే మేము చిన్ననాట ‘బాలనాగమ్మ’ నాటకము చూచినాము.

మాయల ఫకీరు రంగము మీదికి రాకముందే తెర వెనుక నుండి ఆయన గొంతు వినబడినది. బిగ్గరగా అరచినది కాదు. నూతిలో నుండి వచ్చినట్లు, తొందర లేని గొంతు. మేము పెద్దవారి కొంగు చాటున దాగినాము. తరువాత మందు ప్రేలినది, పొగ లేచినది, ఫకీరు బయటికి వచ్చినాడు. జనపనార గడ్డము, నల్లని అంగరఖా, కాటుక తీర్చిన కన్నులు. వచ్చిన కొంతసేపటికే ఆయన మాకు అలవాటైపోయినాడు. చివరకు ఏడు సముద్రముల అవతల నున్న చిలుకను, అనగా ఫకీరు ప్రాణమును, బాలవర్ధిరాజు పట్టుకొనవలసిన ఘట్టము వచ్చినది. తీగ మీద జారి రావలసిన చిలుక సగము దారిలో చిక్కుకొని తలక్రిందులుగా వ్రేలాడినది. జనము గొల్లున నవ్వినారు. ప్రాణము నాయకుని చేతికి అందనందున, ఫకీరు కూడ చావకుండ కొంతసేపు నిలువవలసి వచ్చినది.

కొన్నియేండ్లకు అదే కథను తెర మీద చూచినాము. 1942లో జెమినీ వారు తీసిన చిత్రము అది. సి. పుల్లయ్య దర్శకుడు, కాంచనమాల బాలనాగమ్మ, మాయల మరాఠీ వేషము గోవిందరాజుల సుబ్బారావుది. అక్కడ చిలుక తీగకు చిక్కుకొనలేదు, మాయ ఏదియు తప్పిపోలేదు. ఐనను జాతరలో తెర వెనుకటి గొంతు కలిగించిన జంకు మాత్రము మరల కలుగలేదు. వయస్సు వచ్చినందున అని చెప్పి ఊరుకొనవచ్చును. కాని కారణము అదొక్కటే కాదని తోచినది, ఆంగ్లేయుల రక్తపిశాచి కథయైన ‘డ్రాకులా’ను చదివి, దానిని నాటకముగను చిత్రముగను మార్చిన వారి వృత్తాంతము తెలిసికొనిన తరువాత.

ఐర్లండు దేశీయుడగు బ్రామ్ స్టోకర్ ఈ నవలను 1897 మే నెలలో లండనులో ప్రకటించినాడు. కథను ఎరుగని వారికి క్లుప్తముగా చెప్పెదము. ట్రాన్సిల్వేనియా కొండలలో డ్రాకులా అను ప్రభువు ఒక పాడుకోటలో ఉన్నాడు. లండనులో ఇల్లు కొనుటకు దస్తావేజులు వ్రాయించుకొనవలెనని జోనాథన్ హార్కర్ అను పడుచు న్యాయవాదిని పిలిపించి, ఆతనిని కోటలోనే బంధించి, తాను 50 మట్టి పెట్టెలతో ఓడ ఎక్కి ఇంగ్లండు చేరినాడు. ఆ మట్టి ఆతని సొంత గడ్డది. దానిలో పరుండనిదే ఆతనికి విశ్రాంతి లేదు. ఇంగ్లండులో లూసీ అను కన్య ఆతనికి బలియైనది. హార్కరు భార్య మీనాకు అదే గతి పట్టబోవుచుండగా, హాలెండు నుండి వచ్చిన వాన్ హెల్సింగ్ అను వైద్యుడును, ఆయన మిత్రులును ఆ పెట్టెలను ఒక్కొక్కటిగా వెదకి పాడుచేసి, పిశాచిని తిరిగి కొండల వరకు తరిమి చంపినారు.

చిలుకలో దాచిన ఫకీరు ప్రాణమునకును, పెట్టెలలో దాచిన ప్రభువు బలమునకును ఎంత చుట్టరికమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. చుట్టరికము మాట వచ్చినది కనుక మరియొకటి. మన బేతాళ కథలను రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషులోనికి తెచ్చి, బేతాళునికి ‘వాంపైర్’ అని పేరు పెట్టినాడు. అది పొరపాటే. మన బేతాళుడు శవములో దూరి చెట్టుకు వ్రేలాడును గాని రక్తము త్రాగడు. కథ చెప్పి చిక్కుప్రశ్న వేయుట ఒక్కటే ఆయన చేయు కీడు. స్టోకర్ ఆ బర్టన్‌ను ఎరుగును. తాను 1906లో ప్రకటించిన జ్ఞాపకములలో, మాటలాడునప్పుడు బర్టన్ పై పెదవి లేచి కోరపన్ను కనబడుటను ప్రత్యేకముగా వర్ణించినాడు. దానిని బట్టి డ్రాకులా మనవాడే అనుకొనుట అతిశయోక్తి యగును. ఐనను ముచ్చటైన సంగతియే.

ఈ నవలకు ఒక విశేషము కలదు. దానిలో కథ చెప్పువాడు ఒకడు కాడు. హార్కరు దినచర్య, మీనా టైపు చేసిన కాగితములు, స్నేహితురాండ్ర ఉత్తరములు, తంతివార్తలు, పత్రికల కత్తిరింపులు, ఓడ నాయకుని లెక్కపుస్తకము, సెవార్డ్ అను వైద్యుడు ఫోనోగ్రాఫులో మాటలాడి నిలుపుకొనిన సంగతులు, వీని నన్నింటిని కూర్చి పుస్తకము చేసినాడు స్టోకర్. అందరును డ్రాకులాను గురించి వ్రాయుచున్నవారే. డ్రాకులా తాను వ్రాసినది మాత్రము దాదాపు ఏమియు లేదు. మొదటి నాలుగు ప్రకరణములు దాటిన తరువాత ఆతడు మన కంటబడుట బహు అరుదు. కిటికీ దగ్గర ఒక రెక్క చప్పుడు, నేల మీద ప్రాకు మంచు, తెల్లవారి చూడగా లూసీ మెడ మీద రెండు చిన్న గాట్లు. డిమీటర్ అను ఓడ నాయకుడు తన పుస్తకములో రోజుకొక నావికుడు మాయమగుచున్నట్లు వ్రాసికొనుచు పోవును. ఎవరు మాయము చేయుచున్నారో ఆతనికి తెలియదు. చదువుచున్న మనకు తెలియును. ఆ పుటలు చదువునప్పటి భయము ప్రభువు కోరలను చూచిన భయము కాదు.

ఇట్టి కథను రంగము మీదికి తెచ్చుట ఎట్లు? వేషగాడు లేక నాటకము లేదు. పది నిమిషములైనను కనబడని పాత్ర కొరకు టిక్కెట్టు కొనువారు ఎవరు?

మొదటి ప్రయత్నము స్టోకర్‌దే. ఆతడు వృత్తిచే నవలాకారుడు కాడు. 1878 నుండి హెన్రీ ఇర్వింగ్ అను మహానటుని లైసియం నాటకశాలకు వ్యవహారకర్త. నవల వెలువడుటకు కొలది దినములు ముందుగా, 1897 మే 18న, ఆ నాటకశాలలోనే దానిని పాత్రలచే చదివించినాడు. ఎల్లెన్ టెర్రీ కుమార్తె ఎడిత్ క్రెయిగ్ మీనా పాత్రను చదివినది. నాలుగు గంటలకు పైగా సాగిన ఆ పఠనము ప్రేక్షకుల కొరకు చేసినది కాదు. నాటకముగా ఒకసారి ప్రదర్శింపబడినగాని రంగస్థల హక్కు తనకు నిలువదని తెలిసిన వ్యవహారజ్ఞుడు చేసికొనిన కట్టుదిట్టము అది. ఆతని జీవితకాలములో మరల ఆ కథకు రంగమెక్కు యోగము పట్టలేదు. 1912లో స్టోకర్ మరణించినాడు. ఆతని భార్య ఫ్లోరెన్సుకు మిగిలిన ఆస్తులలో ఈ పుస్తకము ఒకటి.

పదేండ్లకు, 1922 మార్చిలో, బెర్లినులో ‘నోస్ఫెరాటు’ అను మూకీచిత్రము వెలువడినది. మూర్నౌ దానికి దర్శకుడు. పేర్లు మార్చినారు, డ్రాకులా ఓర్లాక్ ప్రభువైనాడు, లండను జర్మను పట్టణమైనది, కాని కథ స్టోకర్‌దే. ఆమెను ఒక్కమాట అడిగినవారు లేరు. ఫ్లోరెన్స్ గ్రంథకర్తల సంఘము సహాయముతో ప్రానా అను ఆ చిత్రసంస్థపై వ్యాజ్యము వేసినది. సంస్థ అప్పటికే దివాలా తీసినది కనుక ఆమెకు సొమ్ము రాలేదు. 1925లో చిత్రము ప్రతులన్నింటిని నాశనము చేయవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఐనను ఇతర దేశములకు చేరిన కొన్ని ప్రతులు మిగిలినవి. ఈనాడు లోకము ఆ చిత్రమును చూడగలుగుచున్నది అంటే, ఆ తీర్పు పూర్తిగా అమలు జరుగనందుననే. ఇక్కడ మా మనస్సు రెండు విధములుగా పోవుచున్నది. వితంతువు పక్షమున న్యాయము నిస్సందేహముగా ఉన్నది. చిత్రము నశించియున్నచో మాత్రము మనము ఒక గొప్ప వస్తువును పోగొట్టుకొని యుందుము. ఈ రెండింటిని ఒకచోట కూర్చుట మాకు చేతకాలేదు.

ఆ చిత్రములో మాటలు లేవు, కనుక నవలలోని ఉత్తరములను, దినచర్యలను వినిపించు ఉపాయము లేదు. దానికి బదులు మూర్నౌ నీడను పట్టుకొన్నాడు. మాక్స్ ష్రెక్ అను నటుడు బోడితలతో, పొడవైన గోళ్లతో ఎలుకవలె ఉండును. కాని మనకు గుర్తుండునది ఆతని శరీరము కంటె మెట్ల ప్రక్కన గోడ మీద ప్రాకు ఆతని నీడయే. కనబడి కనబడని ప్రభువును అట్లు నిలుపుకొన్నాడు. ఇంకొకటి కూడ చేసినాడు. నవలలో డ్రాకులా పగటి వేళ కూడ తిరుగును; హార్కరు దంపతులు ఆతనిని లండను వీథిలో పట్టపగలు చూచిరి. పగలు ఆతని శక్తులు తగ్గును, అంతే. సూర్యకిరణము సోకినంతనే రక్తపిశాచి నశించుననుట ఈ చిత్రముతో ప్రచారమునకు వచ్చినది. వెలుగును చీకటిని నమ్ముకొని బ్రతుకు కళకు ఇంతకంటె తగిన చావు దొరకదు గదా! నవలలో ప్రభువును చంపినవి రెండు కత్తులు. వానిలో ఒకటి గూర్ఖాల కుక్రీ. ఆ కుక్రీని రంగస్థలము గాని తొలినాటి చిత్రములు గాని పట్టించుకొనలేదు.

ఫ్లోరెన్స్ నాటక హక్కును హామిల్టన్ డీన్ అను నటునికి ఇచ్చినది. ఆయన నాటకము 1924లో డార్బీ పట్టణములో మొదలై ఊరూర తిరిగి, 1927 ఫిబ్రవరిలో లండను చేరినది. డీన్‌ది సంచార సమాజము. కొండకోట, తుపానులో ఓడ, గుర్రముల వెంటాట, వీనిని మోసికొని తిరుగుట అసాధ్యము. కనుక వానిని కొట్టివేసి, కథనంతటిని ఇంగ్లండులోని ఇండ్ల గదులకు ఇమిడ్చినాడు. తన సమాజములో నటీమణులు ఎక్కువగా ఉన్నందున క్విన్సీ మోరిస్ అను అమెరికా పురుషపాత్రను స్త్రీపాత్రగ మార్చినాడు! నవలను ప్రాణముగా ప్రేమించువారికి ఇది కోపము తెప్పించును. సమాజము నడిపిన వారికి మాత్రము వెంటనే అర్థమగును.

అన్నిటికంటె పెద్ద మార్పు ప్రభువుది. నవలలో ఆతడు కంపుకొట్టు ఊపిరితో, మీసములతో, అరచేతిలో వెండ్రుకలతో ఉన్న వృద్ధుడు. రక్తము త్రాగిన కొలది పడుచువాడగును. అట్టివానిని ఏ గృహస్థుడు చావడిలోనికి పిలిచి కూర్చుండుమనును? నాటకమంతయు చావడిలోనే జరుగవలెను గదా. అందుచేత డీన్ ఆతనికి విందుకు పోవు దుస్తులు తొడిగి, మర్యాద నేర్పి, మాటకారిని చేసినాడు. భుజముల మీద ఎత్తైన మెడపట్టీ గల నల్లని అంగవస్త్రము వేసినాడు. ఈనాడు డ్రాకులా అనగానే చిన్నపిల్లలు సైతము గీయు ఆ మెడపట్టీ అలంకారము కొరకు పుట్టినది కాదు. ఒక ఘట్టములో ఇద్దరు ప్రభువును పట్టుకొందురు. ఆతడు వారి చేతులలో నుండి మాయము కావలెను. నటుడు ప్రేక్షకులకు వీపు త్రిప్పి నిలిచినప్పుడు ఆ పట్టీ ఆతని తలను కప్పివేయును. నేలలోని రహస్యపు తలుపు గుండా ఆతడు జారిపోవును. వట్టి వస్త్రము వారి చేతులలో మిగులును. జాతరలో మేము చూచిన పొగ వంటిదే ఈ మెడపట్టీయును. పని తీరిన తరువాత కూడ అది లోకములో నిలిచిపోయినది.

ఈ నాటకమును జాన్ బాల్డర్‌స్టన్ అమెరికా కొరకు తిరుగవ్రాసినాడు. 1927 అక్టోబరు 5న న్యూయార్కులో మొదలై 261 ప్రదర్శనలు జరిగినవి. ప్రభువు వేషము హంగరీ నుండి వచ్చిన బేలా లుగోసీకి దక్కినది. ఆతని ఇంగ్లీషులో పరదేశపు యాస. ఒక్కొక్క మాటను తూచి వదలినట్లు పలుకును. తరువాత లోకమంతట ఎందరు ఈ వేషము వేసినను, హాస్యమునకైనను సరే, లుగోసీ గొంతునే అనుకరించినారు.

1931లో యూనివర్సల్ సంస్థ టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వమున తీసిన టాకీకి ఈ నాటకమే ఆధారము. లుగోసీని, వాన్ హెల్సింగ్ వేషము వేసిన ఎడ్వర్డ్ వాన్ స్లోన్‌ను రంగము నుండియే తెచ్చుకొన్నారు. మొదటి ఘట్టములు, అనగా కోట, సాలెగూళ్ల మెట్లు, చేత దీపముతో దిగివచ్చు ప్రభువు, నాటకములో లేనివి. అవి ఈనాటికిని చెక్కు చెదరలేదు. కథ ఇంగ్లండు చేరగానే చిత్రము చావడిలోనికి పోయి కుర్చీలో కూర్చుండును. మనుష్యులు కిటికీలో నుండి బయటికి చూచి, అదిగో తోడేలు పరుగెత్తుచున్నదని చెప్పుదురు. మనకు తోడేలు కనబడదు. రంగము మీద అది అవసరము. తెర మీద అది బద్ధకము. తీగ మీద ఎగురు గబ్బిలము కూడ నాటకపు సొత్తే. జాతరలోని మా చిలుకకు అది దూరపు బంధువు. అదే సమయమున అవే కట్టడములలో రాత్రిపూట మరియొక జట్టు స్పానిషు భాషలో ఇదే కథను తీసినది. దానిలో నటుని కంటె కెమేరాకు చురుకుదనము ఎక్కువ. రెండింటిని చూచినవారిలో కొందరు స్పానిషు చిత్రమే మేలనుటకు అదియే కారణము.

ఐతే తెర రంగమును మించిన తావు ఒకటి ఆ చిత్రములోనే కలదు. రక్తపిశాచికి అద్దములో ప్రతిబింబము ఉండదు. నవలలో హార్కరు క్షవరము చేసికొనుచుండగా ప్రభువు వచ్చి భుజము మీద చేయివేయును. చిన్న అద్దములో గది అంతయు కనబడును, ప్రభువు మాత్రము కనబడడు. హార్కరు ఉలికిపడగా గడ్డము తెగును. దానిని మనము హార్కరు కంటితో చూతుము. నాటకములో అద్దమును చూచువాడు వాన్ హెల్సింగ్ ఒక్కడే. దూరపు వరుసలో కూర్చున్న ప్రేక్షకునికి అద్దములో ఏమున్నదో, ఏమి లేదో తెలియదు. నటుని ముఖము మారుటను చూచి నమ్మవలెను. చిత్రములో సిగరెట్ల పెట్టె మూతకు అద్దము తాపినారు. ఆ చిన్న అద్దమును తెర నిండ నిలిపినారు. మీనా కనబడును, ఆమె మాటలాడుచున్నవాడు కనబడడు. మూడు చోట్లను ఒకే అద్దము. మాకు మాత్రము మూడవది చూచినప్పుడు ఆశ్చర్యము, మొదటిది చదివినప్పుడు భయము కలిగినవి. రెండవదానిలో నటుని సామర్థ్యమును బట్టి ఏదైనను కలుగవచ్చును.

డీన్ నాటకము చివర మరియొక చమత్కారము ఉండెడిది. తెర పడిన పిమ్మట వాన్ హెల్సింగ్ మరల ముందుకు వచ్చి ప్రేక్షకులకు ధైర్యము చెప్పుచున్నట్లు నటించి, ఇట్టివి లోకములో నిజముగ ఉన్నవని చెప్పి పంపివేయును. 1931 చిత్రములో కూడ దీనిని ఉంచినారు; 1936లో మరల విడుదల చేసినప్పుడు తీసివేసినారు. మనిషి మనుష్యుల ఎదుట నిలిచి చెప్పిన మాట వేరు. ఇంటికి పోవు దారిలో అది వెంటవచ్చును. తెర మీది బొమ్మ చెప్పినచో, దీపములు వెలిగినంతనే తీరిపోవును.

1958లో ఇంగ్లండుకు చెందిన హామర్ సంస్థ రంగులలో తీసిన చిత్రముతో తెర తన కాళ్ల మీద నిలిచినది. టెరెన్స్ ఫిషర్ దర్శకుడు. క్రిస్టఫర్ లీ ప్రభువు. పీటర్ కషింగ్ వాన్ హెల్సింగ్. కోరలు, ఎర్రని కన్నులు, ఎర్రని రక్తము, అన్నియు ఎదుటనే. మాటకారియైన ప్రభువును ఇక్కడ మూగవానిని చేసినారు: తొలి ఘట్టములలో హార్కరుతో నాలుగు మాటలాడిన తరువాత లీ మరల నోరు మెదపడు. చివర కషింగ్ బల్ల మీద పరుగెత్తి కిటికీ పరదాలను లాగివేయగా, ఎండ పడి ప్రభువు బూడిద యగును. మూర్నౌ నాటిన విత్తు ముప్పదియారేండ్లకు చెట్టైనది. ఈ చిత్రములో మాకు భయము కంటె వేగము ఎక్కువగా కనబడినది. దానికి మేము విచారపడము.

ఇతర దేశములవారు ఈ కథను తమ ఇంటికి తెచ్చుకొన్న తీరు వినదగినది. 1953లో తుర్కీలో తీసిన చిత్రములో కథ ఇస్తాంబులులో జరుగును. అక్కడ శిలువతో పని లేదు, వెల్లుల్లితోనే పిశాచిని అడ్డుకొందురు. 1967లో లాహోరులో తీసిన ‘జిందా లాష్’లో పిశాచి ప్రభువు కాడు, మరణమును జయించు రసాయనము కనిపెట్టబోయి తానే చెడిన ఆచార్యుడు.

తెలుగులో ఈ నవలకు పేరొందిన నాటకము గాని చిత్రము గాని లేదు. మన భయమును ఫకీరులును మాంత్రికులును ముందే ఆక్రమించుకొన్నారు. ఐతే డ్రాకులా నడచిన దారిని మనవారు తిరుగుదిశలో నడచిన ఉదాహరణ ఒకటి కలదు. మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీ కథల ఛాయతో పింగళి నాగేంద్రరావు రచన చేయగా, విజయా సంస్థ 1951లో ‘పాతాళభైరవి’ చిత్రమును తీసినది. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు, నేపాళ మాంత్రికుడు ఎస్.వి. రంగారావు. తరువాత సురభి వారు దానిని రంగము మీదికి తెచ్చినారు. లుగోసీ రంగము నుండి తెరకు పోయినాడు; మన మాంత్రికుడు తెర నుండి రంగమునకు దిగివచ్చినాడు.

సురభి వారి చరిత్ర పెద్దలకు తెలిసినదే. తోలుబొమ్మలాడించు కుటుంబములవారు 1885లో కడప జిల్లా సురభి గ్రామములో ‘కీచకవధ’తో మనుష్యుల నాటకమునకు మారినారు. తాతలు, కోడండ్రు, మనుమలు, అందరును నటులే. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించెడివారు. చిత్రములో బార్ట్లే కెమేరాను ఆపి మరల త్రిప్పినచో మాయమగు వస్తువును, సురభి వారు మన కన్నుల ఎదుట, తీగలతో, పొగతో, నేల తలుపులతో మాయము చేయవలెను. తెర ముందు కూర్చున్నవాడు, తరువాత ఏమగునో అని అడుగును. సురభి నాటకము ముందు కూర్చున్నవాడు, ఇది ఎట్లు చేసినారో అని కూడ అడుగును. రెండవ ప్రశ్న అడుగువారు తగ్గిన కొలది సమాజములు ఒక్కొక్కటిగా మూతపడినవి. ఒకప్పుడు తెలుగుదేశమంతట తిరిగిన ఆ బృందములలో కొలదియే మిగిలినవి. బాలనాగమ్మను, మాయాబజారును ఊరూర మోసి ప్రజల నోట నిలిపినవారికి, ఆ కథలతో తెర గడించిన ధనములో పాలు దక్కలేదు. ఫ్లోరెన్స్ స్టోకరుకు వ్యాజ్యము వేయుటకు కాగితమైనను ఉండినది. జానపద కథకు దస్తావేజు ఎక్కడిది?

తెర కూడ అప్పుడప్పుడు రంగము వాకిట నిలిచినది. 1977లో న్యూయార్కులో డీన్, బాల్డర్‌స్టన్‌ల పాత నాటకమునే ఎడ్వర్డ్ గోరీ గీసిన నలుపు తెలుపు దృశ్యములతో మరల ఆడినారు; ప్రభువుగా ఫ్రాంక్ లాంజెల్లా ఎంత ఆకర్షించెనన్న, రెండేండ్లలో ఆయనతోనే చిత్రము తీసినారు. 1992లో కొప్పొలా, కంప్యూటరు మాయలను కాదని, అద్దములు, నీడలు, ఒకే ఫిల్ముపై రెండుమారులు చిత్రించుట మొదలగు పాత ఉపాయములతో తన డ్రాకులాను తీసినాడు. ఉత్తరములను, దినచర్యలను, ఫోనోగ్రాఫును వదలకుండ వాడుకొనుటయు ఆ చిత్రములో మెచ్చదగినది. నవలలో లేని ప్రేమకథను అతికించుట మాకు రుచింపలేదు.

ఐనను, నవలలోని ఆ గొంతుల గుంపును అట్లే నిలిపినది నాటకము కాదు, చిత్రము కాదు. 1938 జులై 11న అమెరికాలో ఆర్సన్ వెల్స్ అను 23 ఏండ్ల యువకుడు తన మెర్క్యురీ నాటక బృందముతో రేడియోలో కొత్త కార్యక్రమమును ఆరంభించినాడు. మొదటి వారము ఆతడు ఎన్నుకొన్న కథ డ్రాకులా. ఒక గంట. హార్కరు తన దినచర్యను తానే చదువును, ఓడ నాయకుడు తన పుస్తకమును చదువును, తంతివార్త వచ్చును, బెర్నార్డ్ హెర్మన్ సంగీతము నడుమ నడుమ వినబడును. వైద్యుడు సెవార్డును వెల్స్, డ్రాకులాయును వెల్సే. పిశాచిని వెంటాడువాడును పిశాచియు ఒకే కంఠమున పలుకుట ఏ రంగము మీదను, ఏ తెర మీదను సులభముగ సాగెడిది కాదు. అక్కడ మెడపట్టీ లేదు, కోర లేదు, తీగ మీద గబ్బిలము లేదు. స్టోకర్ వ్రాసినట్లే, ప్రభువు వచ్చిపోయిన తరువాత ఇతరులు చెప్పుకొను మాటలు ఉన్నవి. ఆ ప్రసారము రికార్డు ఈనాటికిని లభించును. అదే బృందము ఆ యేడు అక్టోబరు 30న అంగారకవాసుల దాడి కథను వినిపించి శ్రోతలలో కలవరము పుట్టించిన సంగతి చాలమందికి తెలియును. మూడు నెలల ముందు ఈ పని జరిగినట్లు తెలిసినవారు తక్కువ.

ఆ రికార్డును మేము మొదట విన్నది దీపము తీసిన గదిలో. మా ఇంట రేడియోలో హైదరాబాదు, విజయవాడ రెండును పట్టెడివి. నాటకము వచ్చు రాత్రి దీపము తగ్గించి వినుట మా పెద్దలు చేసిన అలవాటు. అట్లే విన్నాము. ఓడ నాయకుడు చుక్కానికి తన చేతులను కట్టుకొను ఘట్టము వచ్చునప్పటికి, మేళ్లచెరువు జాతరలో తెర వెనుక నుండి వచ్చిన గొంతు మాకు జ్ఞాపకము వచ్చినది. ఆ నాటకములోనిది మరియొక సంగతి అప్పటి వరకు మరచియుంటిమి.

చిలుక చిక్కుకొన్న ఆ రాత్రి గడచి తెల్లవారినది. జాతర అంగళ్ల వద్ద ఒక చాయ దుకాణము ముందు మేము నలుగురు పిల్లలము నిలిచియుంటిమి. మా ప్రక్కకు ఒక బక్కపలుచని మనిషి వచ్చి నిలిచినాడు. గడ్డము లేదు, అంగరఖా లేదు. మాసిన ధోవతి, భుజము మీద తువ్వాలు. మేము ఆయనను గుర్తింపలేదు. ఆయన దుకాణదారుతో, “అన్నా, ఒక చాయ ఇయ్యి” అన్నాడు. ఆ గొంతు వినగానే నలుగురము గుడి వరకు వెనుదిరిగి చూడక పరుగెత్తినాము.